సత్రమా, పూటకూళ్ల ఇల్లా? మఠాలు అతిథి గృహాలైన చరిత్ర, మన మిషన్ ఆవరణల భవిష్యత్తు

ఉపోద్ఘాతం

పాత మిషన్ ఆవరణ ఉన్న పాస్టరేటులలో ఒక ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు కమిటీ ముందుకు వస్తుంది. మిషనెరీలు నివసించిన బంగళా, పిల్లలు లేని బోర్డింగు, రోగులు తగ్గిపోయిన ఆసుపత్రి వార్డు, వీటిని ఏమి చేయాలి? దేవుని పనికి కట్టినదాన్ని వ్యాపారానికి ఇవ్వకూడదని కొందరంటారు. ఖాళీగా ఉండి కూలిపోయేకన్నా హోటలుకో ఫంక్షన్ హాలుకో లీజుకిస్తే సంఘానికి ఆదాయమైనా వస్తుందని మరికొందరంటారు. రెండు మాటలలోనూ నిజం ఉంది. అయితే చాలాసార్లు ఈ చర్చ అద్దె ఎంత వస్తుందనే దగ్గరే ఆగిపోతుంది. వేదాంతపరమైన ఆలోచన దాకా వెళ్లదు.

ఈ ప్రశ్న మనకు కొత్తదే గాని క్రైస్తవ చరిత్రకు కొత్త కాదు. ఐరోపాలో వందలాది మఠాలు మూతపడి, వాటిలో కొన్ని నేడు పల్లెటూరి హోటళ్లుగా నడుస్తున్నాయి. వాటి చరిత్రలో మనకు హెచ్చరికలూ ఉన్నాయి, మాదిరులూ ఉన్నాయి. ఈ వ్యాసంలో మేము మొదట కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాన్ని, తరువాత ఆతిథ్యాన్ని గురించి మన తెలుగు బైబిలు వాడిన మాటలను, ఆ తరువాత మఠాల చరిత్రను పరిశీలిస్తాము. చివరగా ఒక పాత ఆవరణను గురించి నిర్ణయం తీసుకొనేముందు సంఘం వేసుకోవలసిన మూడు ప్రశ్నలను కాపరుల ముందు ఉంచుతాము.

1. కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిసరాలలో పని మారిన కట్టడాలు

2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి ఒక రెవెన్యూ డివిజన్. మెదక్ నుండి ఎల్లారెడ్డికి వెళ్లే దారిలో పోచారం చెరువు వస్తుంది. నిజాం ప్రభుత్వం 1916, 1922 మధ్య ఆలేరు వాగుకు అడ్డంగా కట్ట వేసి దీనిని నిర్మించింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1952లో అది వన్యప్రాణుల అభయారణ్యమైంది. తుపాకీ పట్టుకొని వచ్చినవారి చోటికి ఇప్పుడు కుటుంబాలు జింకలను చూడడానికి వస్తున్నాయి. ఇంకా ముందుకు వెళితే మంజీరా నదిపై 1923, 1931 మధ్య కట్టిన నిజాంసాగర్ ఉంది. పొలాలకు నీరివ్వడానికి కట్టిన ఆ ఆనకట్ట కూడా నేడు విహార స్థలమే.

కామారెడ్డికి దగ్గరలోని దోమకొండ గడి ఒక సంస్థానానికి కేంద్రం. సామాన్యుడు ఆ గడి ముందు తలవంచి నడిచిన రోజులున్నాయి. దానిని శ్రద్ధగా పునరుద్ధరించినందుకు 2022లో ఆసియా పసిఫిక్ ప్రాంతానికి యునెస్కో ఇచ్చే వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దోమకొండకు చోటు దొరికింది. మెదక్ కోట గుట్టపైన పర్యాటక శాఖవారి హోటలు వెలిసింది. అంటే వేట అడవి, ఆనకట్ట, గడి, కోట అన్నీ తమ మొదటి పనిని దాటి బ్రతికాయి. కట్టినవారి ఉద్దేశం కన్నా కట్టడం ఆయుష్షు ఎక్కువ. ఇది మనం మొదట గుర్తించవలసిన సంగతి.

ఇదే నేలపై సంఘం కూడా కట్టడాలు కట్టింది. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ నాయకత్వంలో మెదక్ మహాదేవాలయం నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. కరువు రోజులలో పనిచేసినవారికి ఆహారం దొరకాలనే ఉద్దేశం ఆ నిర్మాణం వెనుక ఉందని సంఘం తరతరాలుగా చెప్పుకొంటుంది. కామారెడ్డి నుండి నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి వద్ద డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల ఆశ్రయాన్ని స్థాపించారు. దానికి రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ధనసహాయం చేశారు. ఊరి బయటికి గెంటబడినవారికి అక్కడ గది, మంచం, హిడ్నోకార్పస్ నూనె ఇంజక్షన్లు, పని, ఆరాధన దొరికాయి. 1980వ దశకం నుండి బహుళ ఔషధ చికిత్స వ్యాపించి, 2005 చివరికి దేశంలో కుష్ఠు పదివేలమందిలో ఒకరికంటే తక్కువకు తగ్గింది. దేశమంతటా ఇటువంటి పెద్ద ఆశ్రయాలు కొత్త పని వెదుక్కోవలసి వచ్చింది. ప్రార్థన ఫలించి వ్యాధి తగ్గినా మంచాలు ఖాళీ అవుతాయి. ఖాళీ కావడం ప్రతిసారీ ఓటమి కాదు.

మెథడిస్టు మిషన్ ఆవరణ మఠం కాదు. అక్కడ సన్యాస ప్రమాణాలు లేవు. కానీ పోలికలు లేకపోలేదు. ఒక ప్రహరీ లోపల ప్రార్థన, బడి, వైద్యం, తోట, బావి, వచ్చిపోయే అతిథులు, గంట ప్రకారం నడిచే దినచర్య, ఇవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. అందువలన మఠాలకు ఏమి జరిగిందో తెలుసుకోవడం మనకు ఉపయోగం.

2. మాటలు చెప్పే చరిత్ర

తెలుగులో 'విహారం' అనే మాటను గమనించండి. బౌద్ధంలో అది భిక్షువులు నివసించే చోటు. వానాకాలం మూడు నెలలు సంచారం మాని ఒకచోట నిలిచే ఆచారం నుండి ఆ నివాసాలు స్థిరపడ్డాయి. నేటి తెలుగులో 'విహారయాత్ర' అంటే సెలవులలో సరదాగా తిరిగి రావడం. మాట ఒక్కటే, ఒక కొసన వైరాగ్యం, మరొక కొసన వినోదం. నాగార్జునకొండలో ఈ రెండు అర్థాలూ ఒకేచోట కలిశాయి. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో అక్కడ విహారాలు వర్ధిల్లాయి. సింహళం నుండి వచ్చే భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. నాగార్జునసాగర్ నీటిలో ఆ లోయ మునిగిపోగా, ఎత్తి తెచ్చిన శిథిలాలను చూడడానికి నేడు యాత్రికులు పడవలలో ద్వీపానికి వెళుతున్నారు. 2022లో సాగర్ ఒడ్డున బుద్ధవనం కూడా ప్రారంభమైంది.

ఆతిథ్యానికి మన భాషలో రెండు వేరు వేరు మాటలున్నాయి. 'సత్రం' అంటే దాత పుణ్యానికి కట్టించినది, బాటసారికి ఉచితం. 'పూటకూళ్ల ఇల్లు' అంటే పూటకు ఇంతని డబ్బు పుచ్చుకొని కూడు పెట్టేది. మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ భేదాన్ని వాడుకున్నారు. లూకా 2:7లో మరియ యోసేపులకు చోటు దొరకనిది సత్రంలో. లూకా 10:34లో సమరయుడు గాయపడినవానిని చేర్చినది పూటకూళ్లవాని ఇంట. గ్రీకులో కూడా ఇవి రెండు మాటలు. మొదటిది 'కటలూమా', విడిది గది. కడరాత్రి భోజనానికి శిష్యులు అడిగిన గదికి లూకా 22:11లో ఇదే మాట. రెండవది 'పండోఖెయోన్'. విడదీస్తే దాని అర్థం 'అందరినీ చేర్చుకొనే చోటు'.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఉచితమైన విడిదిలో రక్షకునికి చోటు లేకపోయింది. డబ్బు పుచ్చుకొనే ఇంటిలో దిక్కులేనివానికి చోటు దొరికింది. మన దేశంలో సత్రాలు చాలా వరకు కులాలవారీగా ఉండేవని గుర్తుచేసుకొంటే ఈ విచిత్రం మరింత అర్థమవుతుంది. ఉచితమన్నంత మాత్రాన తలుపు అందరికీ తెరిచినట్టు కాదు. డబ్బు పుచ్చుకున్నంత మాత్రాన అది కనికరం లేని ఇల్లు కాదు. పూటకూళ్ల ఇల్లు కనికరపు ఇల్లుగా మారడానికి కారణం సమరయుడు చెల్లించిన రెండు దేనారములు. గాయపడినవాడు చెల్లించలేదు, అతని కోసం మరొకరు చెల్లించారు. ఈ వ్యాసంలో మా వాదనంతా ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంది. ఒక ఇల్లు హోటలా, మఠమా అన్నది రెండవ ప్రశ్న. అక్కడ ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరి కోసం అన్నది మొదటి ప్రశ్న.

3. మఠంలో అతిథి

అతిథిప్రియుడై ఉండడం అధ్యక్షునికి ఉండవలసిన లక్షణమని 1 తిమోతి 3:2 చెబుతుంది. ఆది సంఘం దీనిని వ్యక్తిగత గుణంగానే వదిలివేయక వ్యవస్థగా మార్చింది. నాలుగవ శతాబ్దంలో కైసరయ అధ్యక్షుడైన బాసిలు పట్టణం వెలుపల బీదలకు, రోగులకు, ప్రయాణికులకు ఒక పెద్ద ఆవరణను కట్టించాడు. కుష్ఠురోగులనూ అక్కడ చేర్చుకున్నారు. ఆస్పత్రి, హాస్టల్, హోటల్ అని నేడు మనం వాడే మూడు మాటలూ అతిథి అనే అర్థమున్న ఒకే లాటిను మూలం నుండి పుట్టాయి. ఒకప్పుడు ఆ మూడూ ఒకే కప్పు క్రింద ఉండేవి.

ఆరవ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు వ్రాసిన మఠ నియమావళిలో 53వ అధ్యాయం అతిథులను గురించినది. వచ్చిన ప్రతివానిని క్రీస్తునే చేర్చుకొన్నట్టు చేర్చుకోవాలన్నది దాని సారం. మత్తయి 25:35 దానికి ఆధారం. అందులో ఒక సూక్ష్మం ఉంది. బీదలపట్ల, యాత్రికులపట్ల ఎక్కువ శ్రద్ధ చూపాలని, ధనవంతుని చూస్తే మనుషులకు భయం చేతనే గౌరవం పుడుతుందని బెనెడిక్టు గుర్తించాడు.

ఆచరణలో ఇది ఎంత కష్టమో స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ మఠంలో భద్రపరచబడిన ఒక నక్షా చూపుతుంది. సుమారు 820లో గీసిన ఆ ఆదర్శ మఠం నక్షాలో గొప్ప అతిథులకు ఒక ఇల్లు, బీదలకు యాత్రికులకు మరొక ఇల్లు ఉన్నాయి. హోటలు రావడానికి వెయ్యేళ్ల ముందే మఠంలో రెండు తలుపులు ఏర్పడ్డాయన్నమాట. మఠం పవిత్రం, హోటలు లౌకికం అని సులువుగా గీత గీయలేమని దీనివలన తెలుస్తుంది.

4. తలుపులు మూతపడిన విధం

మఠాలు హోటళ్లు కావడం ఒక్కరోజులో జరగలేదు. ముందు అవి ఖాళీ అయ్యాయి. ఇంగ్లండులో 8వ హెన్రీ రాజు 1536, 1540 మధ్య సుమారు 800 మఠాలను రద్దు చేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. జర్మను ప్రాంతాలలో 1803లో, పోర్చుగల్‌లో 1834లో, స్పెయిన్‌లో 1836 ప్రాంతంలో ప్రభుత్వాలు ఇదే పని చేశాయి. ఆ కట్టడాలు సైనిక శిబిరాలు, జైళ్లు, ఫ్యాక్టరీలు, పశువుల కొట్టాలు అయ్యాయి. కొన్నిటి రాళ్లను ఊరివారు ఇళ్లు కట్టుకోవడానికి తీసుకుపోయారు.

హోటలు దశ వచ్చింది ఇరవయ్యవ శతాబ్దంలో. స్పెయిన్ ప్రభుత్వం 1928లో ప్రారంభించిన 'పరడోర్' అనే వసతిగృహాల వ్యవస్థ, పోర్చుగల్‌లోని 'పొసాడా' వ్యవస్థ పాత కోటలను, మఠాలను తీసుకొని బాగుచేశాయి. పోర్చుగల్ ఉత్తర భాగాన పల్లెసీమలో ఉన్న సాంతా మరియా దొ బౌరో అనే సిస్టర్షియన్ మఠం 1834 తరువాత కప్పు కూలి శిథిలమైంది. వాస్తుశిల్పి ఎదువార్దో సౌతో దె మౌరా 1989, 1997 మధ్య దానిని అతిథి గృహంగా మలిచాడు. పాత మఠాన్ని పూర్వరూపానికి తెచ్చానని చెప్పుకోకుండా, ఆ శిథిలాల రాళ్లతోనే ఒక కొత్త కట్టడం కట్టానని ఆయన భావించాడు. ఆ నిజాయితీ మెచ్చదగినది. అయినా అక్కడ రాత్రి గడపగలిగినవాడు గది అద్దె కట్టగలవాడు మాత్రమే. గోడలు దక్కాయి గాని 53వ అధ్యాయం దక్కలేదు.

5. ఇట్టింగన్: ఒక మాదిరి

స్విట్జర్లాండులో తుర్గావు ప్రాంతాన ద్రాక్షతోటల మధ్య ఇట్టింగన్ ఉంది. 12వ శతాబ్దం మధ్యలో అది అగస్టీనియన్ సన్యాసుల ఇల్లుగా మొదలైంది. 1461లో కార్తూసియన్ల చేతికి వచ్చింది. కార్తూసియన్లు అతి మౌనవ్రతులు. ఒక్కొక్కరికి చిన్న తోటతో ఒక్కొక్క కుటీరం. ఆరాధనకు తప్ప ఎక్కువగా బయటికి రారు. 1524లో సంస్కరణోద్యమ ఉద్రేకంలో ఉన్న జనం ఈ మఠంపై పడి దోచుకొని తగులబెట్టారు. ప్రొటెస్టెంటులమైన మనం ఈ సంగతి దాచకుండా చెప్పుకోవాలి. తిరిగి కట్టుకున్న మఠం ద్రాక్షారస వ్యాపారంతో సంపన్నమైంది. చివరకు 1848లో ప్రాంతీయ ప్రభుత్వం దానిని మూసివేసింది. 1867లో ఒక కుటుంబం కొని, వంద సంవత్సరాలకు పైగా వ్యవసాయ క్షేత్రంగా నడిపింది.

1977లో ఒక ధర్మసంస్థ ఏర్పడి ఆ ఆవరణను కొన్నది. మరమ్మతులు ముగించి 1983లో తెరిచింది. ఇప్పుడు అక్కడ హోటలు ఉంది, భోజనశాల ఉంది, సదస్సులు జరుగుతాయి, మఠం చరిత్రను చెప్పే మ్యూజియం ఉంది. వాటితోపాటు మానసిక, మేధాపరమైన ఇబ్బందులున్నవారికి నివాసం, పని కూడా ఉన్నాయి. వారు ఆ క్షేత్రంలోనే పొలంలో, తోటలో, వంటశాలలో, ఇతర పనులలో భాగస్థులు. ప్రార్థనకు, మౌన ధ్యానానికి ఒక గది, సంఘాల సహకారంతో నడిచే ఆత్మీయ శిక్షణ కేంద్రం ఉన్నాయి.

ఇట్టింగన్‌లో సన్యాసులు తిరిగి రాలేదు. అది ఇప్పుడు మఠం కాదు, మఠమని నటించడం లేదు. కానీ ఆ హోటలు ఒంటరిగా లేదు. గది అద్దె చెల్లించే అతిథి, ఆ ఆవరణలో చోటు లేకపోతే వేరే దిక్కు కష్టమైన మనిషి, ఇద్దరూ ఒకే ప్రహరీ లోపల ఉన్నారు. సమరయుని రెండు దేనారముల పద్ధతికి ఇది దగ్గరగా ఉంది. బౌరోకూ ఇట్టింగన్‌కూ తేడా రాళ్లలో లేదు, వాస్తుశిల్పంలో లేదు. ఆ గోడల లోపల చెల్లించలేనివానికి చోటు ఉంచారా లేదా అన్నదే తేడా.

6. మనకు మూడు ప్రశ్నలు

ఇప్పుడు తిరిగి మన ప్రాంతానికి వద్దాము. మెదక్ ప్రాంతంలో సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బావి, గుడి, సత్రం, గడి ఏదీ వారికి తెరచి ఉండని కాలంలో మిషన్ ఆవరణ గేటు వారికి తెరిచి ఉంది. అక్కడి బడిలో వారి పిల్లలు మఠం వేసుకొని కూర్చొని అక్షరాలు నేర్చుకున్నారు. అక్కడి ఆసుపత్రిలో వారి స్త్రీలు ప్రసవించారు. భారత రాజ్యాంగం 15వ అధికరణం రెండవ భాగం హోటళ్లలో, భోజనశాలలలో, బావుల దగ్గర కులాన్నిబట్టి ఎవరినీ అడ్డగించకూడదని 1950లో శాసించింది. ఆ పని కొంతమేరకు ముందుగానే చేసిన చోట్లలో మిషన్ ఆవరణ ఒకటి. అటువంటి చోటు ఖరీదైన రిసార్టుగా మారితే, కులం పేర మూసిన తలుపును దాటివచ్చినవారి మనుమలు ధర పేర మూసిన అదే గేటు బయట నిలబడవలసి వస్తుంది. మన చర్చలో అసలు ప్రమాదం ఇదే.

కాబట్టి నిర్ణయానికి ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా మనవి.

మొదటిది, తలుపు ఎవరికి తెరుచుకొంటుంది? అద్దె కట్టలేని గ్రామ సంఘ సభ్యుడు, ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువు, పరీక్ష వ్రాయడానికి వచ్చిన పల్లెటూరి విద్యార్థిని, వీరికి కొన్ని గదులైనా ఒప్పందంలోనే వ్రాసి ఉంచగలమా? 2 రాజులు 4:10లో షూనేమీయురాలు ప్రవక్తకు సిద్ధపరచిన మేడగదిలో ఉన్నవి మంచం, బల్ల, పీట, దీపస్తంభం మాత్రమే. ఆతిథ్యానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

రెండవది, ఆదాయం ఎక్కడికి వెళుతుంది? దక్షిణ ఇండియా సంఘ ఆస్తులు చాలావరకు 1947లో నమోదైన సంఘ ట్రస్టు అసోసియేషన్ పేర ఉన్నాయి. ట్రస్టు అంటే మరొకరి మేలు కోసం అప్పగించబడినది. స్థానిక కమిటీగాని, కాపరిగాని దానికి యజమాని కాదు, గృహనిర్వాహకుడు. వైద్యానికి ఇచ్చిన స్థలం నుండి వచ్చే ఆదాయం వైద్యానికి, బడికి ఇచ్చినది బడికి చేరుతున్నదా అన్నది సంఘమంతా చూడగలిగేలా లెక్కలు ఉండాలి. లూకా 16వ అధ్యాయంలోని గృహనిర్వాహకుని మొదట అడిగినది లెక్క అప్పగించమనే.

మూడవది, జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుంది? ఇట్టింగన్‌లో సన్యాసుల చరిత్రను, దానిని తగులబెట్టినవారి చరిత్రను కూడా చెబుతారు. మన ఆవరణలలో మిషనెరీల పేర్లు రాళ్లమీద ఉన్నాయి. రాళ్లు మోసినవారి, వంట చేసినవారి, బైబిలు స్త్రీల, ఉపదేశకుల పేర్లు చాలావరకు పెద్దల నోళ్లలోనే ఉన్నాయి. కట్టడం చేతులు మారేముందు ఆ పేర్లు వ్రాసి, రిజిస్టర్లు, ఫొటోలు భద్రపరచాలి. వేదాంత విద్యార్థులు తమ పరిశోధనకు ఇంతకంటే దగ్గరి అంశాన్ని వెదకనక్కరలేదు.

ముగింపు

మఠాల చరిత్ర మనకు రెండు తప్పుడు ఊరటలను దూరం చేస్తుంది. ఏమీ మార్చకుండా ఉంచితే పవిత్రత నిలుస్తుందన్నది మొదటిది. ఖాళీ ఇల్లు ఎవరికీ ఆతిథ్యం ఇవ్వదు, వానకు తడిసి కూలుతుంది. ఆదాయం వస్తే చాలు, దేవుని పని జరిగినట్టే అన్నది రెండవది. ఆదాయం బాగా వచ్చిన మఠాలు కూడా బీదలకు వేరే తలుపు పెట్టాయి.

ఉపమానంలో సమరయుడు మరునాడు వెళ్లిపోతూ, ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మి ఆ మనిషిని తన ఇంట ఉంచుకున్నాడు. సంఘం చేతిలోని ప్రతి ఆవరణా అలాగే ఒకరు ముందుగా చెల్లించి మనకు అప్పగించినది. పోస్నెట్ కాలంలో రాళ్లు మోసినవారు, డిచ్‌పల్లికి డబ్బిచ్చిన హిందూ దాత, పేరు తెలియని దాతలు ఎందరో తమ వంతు చెల్లించి వెళ్లారు. లీజు పత్రం మీద సంతకం చేసేముందు, ఆ పత్రం ప్రకారం గాయపడినవానికి ఆ ఇంట మంచం ఉందో లేదో కాపరులు, కమిటీ సభ్యులు చదివి చూసుకోవాలని కోరుతున్నాము.